పటములోని ముఖము, పత్రములోని పేరు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఏదైన సాహిత్యవిషయము మాట్లాడవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను పండితుడను కాను. గ్రామమున లెక్కలు వ్రాయుట నా వృత్తి. 1984లో ప్రభుత్వము కరణీకములను రద్దుచేయువరకు మా నాయనగారు ఈ గ్రామమునకు కరణముగా నుండిరి. ఆయనవద్ద నేను నేర్చినది అడంగలు, చిట్టా, దస్తావేజుల భాష. భారత భాగవతములు, ప్రబంధములు, కాళిదాసు నాటకములు మాత్రము ఈ గ్రంథాలయపు బీరువాల చెంతనే, గురువు లేకుండ, నిఘంటువు తోడుగా చదువుకొంటిని. కనుక నా మాటలలో కావ్యపు పరిమళముకంటె కవిలెకట్టల వాసన యెక్కువగా నుండిన మన్నింప ప్రార్థన.

మన కావ్యములలో చిత్తరువులకు కొదువ లేదు. ఉషాకన్య కలలో చూచిన రాకుమారు డెవ్వడో తెలియక తపించునప్పుడు చెలికత్తె చిత్రలేఖ వీరులందరి రూపములను వరుసగా వ్రాసి చూపినది; అనిరుద్ధుని రూపము రాగానే ఉష గుర్తించినది. దుష్యంతుడు శకుంతలను పోగొట్టుకొనిన పిమ్మట ఆమె పటమును తానే వ్రాసి, ఆ పటమునే శకుంతలయని భ్రమించినాడు. అన్నిటిలోను నాకు ప్రియమైనది మాళవికాగ్నిమిత్రమున మొదటి యంకములోని ముచ్చట. రాజు చిత్రశాలలోని యొక పటమున రాణి చెంత నిలిచియున్న పరిచారికను చూచి, ఆమె పేరేమని అడిగినాడు. రాణి బదులు చెప్పలేదు. రాజు విడువక మరల మరల అడిగినాడు. అప్పుడచట నున్న చిన్నపిల్ల, రాకుమారి వసులక్ష్మి, ఆమె మాళవిక యని చెప్పివేసినది. పెద్దలు దాచిన పేరును పిల్ల బయటపెట్టినది. ఈ ముచ్చటను మనసున నుంచుకొని నేను చెప్పబోవు కథను వినుడు. ఇది కావ్యకథ కాదు. కోర్టు కాగితములకెక్కిన కథ.

మన చందాదారులలో ఒకరి కుమారుడు విదేశమునుండి వచ్చుచు ఒక చిత్రముల పుస్తకమును మన గ్రంథాలయమునకు కానుకగా తెచ్చినాడు. దానిలో బంగారు రేకులో మునిగినట్లున్న ఒక స్త్రీ చిత్రమును చూచి, తంజావూరు పటము కాబోలునని మొదట భ్రమించితిని. తంజావూరు పటములలో దేవతామూర్తి చుట్టును బంగారు రేకు అదుకుదురు గదా! ఇందులో ఉన్నది దేవత కాదు. వియన్నా నగరపు ఒక చక్కెర వ్యాపారి భార్య. ఆమె పేరు అడేల్ బ్లోఖ్-బావర్. చిత్రకారుడు గుస్టావ్ క్లిమ్ట్. ఇంగ్లీషు నిఘంటువు దగ్గర పెట్టుకొని ఆమె సంగతి చదివితిని. చదివినకొలది అది చిత్రకళావిషయమువలె గాక, మన యూరి భూమి తగాదావలె కనబడసాగినది.

క్లిమ్ట్ 1862లో వియన్నా సమీపమున జన్మించెను. తండ్రి బంగారుపై నగిషీ చెక్కు పనివాడు. ఏడుగురు పిల్లల బీద సంసారము. కుర్రవాడు కళాశిల్ప పాఠశాలలో చదివి, నాటకశాలల గోడలకు, కప్పులకు చిత్రములు వ్రాసి పేరు సంపాదించెను. 1897లో పాతపద్ధతివారితో తెగతెంపులు చేసికొని మిత్రులతో కూడి క్రొత్త కళాసంఘమును స్థాపించెను. వియన్నా విశ్వవిద్యాలయపు సభామందిరమునకు తత్త్వశాస్త్రము, వైద్యము, ధర్మశాస్త్రము అను మూడు పెద్ద చిత్రములు వ్రాయుమని ప్రభుత్వము ఆయనకు పని యొప్పగించినది. అవి చూచి ఆచార్యులు మండిపడిరి; నగ్నరూపములని, అర్థము కాలేదని పెద్ద రగడ చేసిరి. చివరకు 1905లో క్లిమ్ట్ తాను తీసికొనిన సొమ్ము తిరిగి చెల్లించి చిత్రములను విడిపించుకొనెను. పుచ్చుకొనిన బయానా తిరిగియిచ్చి సరుకు ఇంటికి తెచ్చుకొనిన పనివాడు! ఆ యభిమానము నాకు నచ్చినది. ఆ తరువాత ఆయన ప్రభుత్వపు పని ముట్టలేదు. సంపన్న గృహిణుల రూపచిత్రములే ఆయనకు ముఖ్యమైన జీవనాధారమైనవి. ఆయనను పోషించిన ధనికులలో పలువురు యూదులు.

అడేల్ 1881లో జన్మించినది. తండ్రి మోరిట్స్ బావర్ పెద్ద బ్యాంకు నిర్వాహకుడు. పదునెనిమిదవ యేట, 1899 డిసెంబరులో, తనకంటె పదునేడేండ్లు పెద్దవాడైన ఫెర్డినాండ్ బ్లోఖునకు ఆమెను ఇచ్చి వివాహము చేసిరి. ఆమె అక్క తెరేసా అంతకుముందే ఫెర్డినాండ్ అన్నను వివాహమాడియుండెను. అన్నదమ్ములకు అక్కచెల్లెండ్రను ఇచ్చుట మనవైపును చూచుచున్నదే. రెండిండ్ల పేర్లును కలిపి బ్లోఖ్-బావర్ అని వారు వ్యవహరించుకొనిరి. భార్య ఇంటిపేరును భర్తయు ధరించుట మనకు వింతగా తోచును. ఈ పేరు ముందు కథలో కావలసివచ్చును గనుక చెప్పితిని.

ఐశ్వర్యమున కేమియు లోటు లేదు. కడుపుపంట లేదు, పుట్టిన బిడ్డ లెవ్వరును దక్కలేదు. చదువుకొనవలెనని ఆమెకు మిక్కిలి కోరిక యుండెనట. ఆ కాలపు పెద్దయింటి ఆడపిల్లకు అది సాగలేదు. తనంతట తానే జర్మను, ఫ్రెంచి, ఇంగ్లీషు గ్రంథములు చదువుకొన్నది. గురువు లేని చదువు ఎట్టిదో నాకు తెలియును. ఒక మాటకు అర్థము దొరకక రాత్రియంత కూర్చుండుట, తెల్లవారి అది తప్పర్థమని తెలియుట! తరువాత ఆమె తన యింట రచయితలను, సంగీతజ్ఞులను, రాజకీయవేత్తలను చేర్చి గోష్ఠులు నడపినది. కార్ల్ రెన్నర్ వంటి సాంఘిక ప్రజాస్వామ్య నాయకుడును ఆ గోష్ఠులకు వచ్చుచుండెను. ధనికుని భార్య కార్మికపక్షము నభిమానించినది.

1903లో ఫెర్డినాండ్ తన భార్య రూపమును వ్రాయుమని క్లిమ్టును కోరెను. అడేల్ తల్లిదండ్రుల వివాహ వార్షికోత్సవమునకు కానుకగా ఈయవలెనని తలంపు. కానుక సమయమునకు అందలేదు. క్లిమ్ట్ నూటికి పైగా చిత్తు చిత్రములు గీచెను. కూర్చున్నట్లు, నిలిచినట్లు, తల త్రిప్పినట్లు. ఆ యేడే ఆయన ఇటలీలోని రావెన్నాకు పోయి, అచటి పురాతన దేవాలయముల గోడలపై బంగారు పలుకులతో పొదిగిన రూపములను చూచివచ్చెను. చిత్రము ముగియుటకు 1907 వచ్చినది. నాలుగున్నర అడుగుల పొడవు, అంతియే వెడల్పు. రంగులతోపాటు బంగారు రేకు, వెండి రేకు. చీర యేదో, ఆసనమేదో, గోడ యేదో తెలియదు. బంగారమున కండ్లవంటి గురుతులు, ముక్కోణములు, సుడులు. ఆ బంగారమునుండి మూడే మూడు మనిషివిగా బయటికి వచ్చినవి: ముఖము, భుజములు, చేతులు. చేతులు ఒకదానినొకటి చుట్టుకొని వంగియున్నవి. ఆమె వ్రేలొకటి లోపముగలదనియు, దానిని దాచుటకే ఆ భంగిమయనియు చెప్పుదురు. మెడకు బిగుతుగా ఒక కంఠాభరణము. ముఖమున నవ్వు లేదు. ఆ చిత్రమును పుస్తకములో చూచిన మన గ్రంథాలయపు పిల్లవాడొకడు "ఈమెను బంగారములో పూడ్చిపెట్టినారా తాతగారూ" అని నన్నడిగెను. క్లిమ్ట్ పనితనమునుగూర్చి నేను చదివిన విమర్శలలో ఇంతకు మించిన మాట చూడలేదు.

1912లో ఆయన ఆమెనే మరల వ్రాసెను. రెండవసారి బంగారము లేదు. పెద్ద టోపి పెట్టుకొని నిలిచియున్న స్త్రీ. క్లిమ్ట్ 1918 ఫిబ్రవరిలో మరణించెను. అడేల్ 1925 జనవరి 24వ తేదీన మెదడువాపు జ్వరమున మరణించినది. అప్పటికి ఆమె వయస్సు నలుబదిమూడేండ్లు.

ఇచటనుండి నా వృత్తికి సంబంధించిన భాగము. 1923లో అడేల్ ఒక వీలునామా వ్రాసినది. అందులో ఒక వాక్యమునకు తరువాత కోట్ల డాలర్ల వెల వచ్చినది. దాని తాత్పర్యము ఇది: క్లిమ్ట్ వ్రాసిన నా రెండు రూపచిత్రములను, నాలుగు ప్రకృతిచిత్రములను నా భర్త తన యనంతరము వియన్నాలోని ప్రభుత్వ చిత్రశాలకు విడిచిపెట్టవలెనని కోరుచున్నాను. ఆ వాక్యముననే ఆమె మరియొక కోరికయు చేర్చినది. తన గ్రంథములన్నియు వియన్నా ప్రజల, కార్మికుల గ్రంథాలయమునకు చేరవలెనట! నేటి సభలో ఈ సంగతి చెప్పకుండ నా నోరు ఊరుకొనదు. లోకమంతయు ఆ వాక్యములోని పటములనుగూర్చియే వాదించినది. పుస్తకములమాట తలచినవారు తక్కువ. తనంతట తాను చదువుకొన్న స్త్రీ తన పుస్తకములను కూలివాని చేతిలో పెట్టుమన్నది.

అయ్యా, దస్తావేజులు వ్రాయువారికి తెలియును. "ఇచ్చుచున్నాను" వేరు, "చెందవలెను" వేరు, "కోరుచున్నాను" వేరు. మొదటి రెండును హక్కును కదల్చును. మూడవది మనసును మాత్రమే కదల్చును. ఆమె వ్రాసినది మూడవది. 1926లో ఆమె వీలునామాను అమలుపరచవలసిన మరది, అనగా ఫెర్డినాండ్ అన్నగారు, కోర్టువారికి ఈ సంగతియే తెలియజేసెను: ఇది విన్నపమేగాని కట్టుబాటు కాదు, చిత్రములు ఫెర్డినాండ్ సొత్తు, అయినను భార్య కోరిక తీర్చుదునని ఆయన మాట యిచ్చినాడు. నేను తొందరలో "మరది" యంటిని. భర్త అన్న గనుక బావగారనవలెను, క్షమింపుడు. ఫెర్డినాండ్ ఆమె గదిని జ్ఞాపకమందిరముగ నుంచి, ఆ చిత్రములను అందే వ్రేలాడదీసి, పూవులు పెట్టించుచుండెను. 1936లో ఒక ప్రకృతిచిత్రమును తానే చిత్రశాలకు ఇచ్చెను. మాట నిలుపుకొనదలచిన మనిషియే.

1938 మార్చిలో హిట్లరు సేనలు ఆస్ట్రియాలో ప్రవేశించినవి. ఫెర్డినాండ్ యూదుడు. తొలుత చెకోస్లొవాకియాకు, పిమ్మట స్విట్జర్లాండునకు పారిపోయెను. పన్ను ఎగవేసినాడను నెపముతో ఆయన యిల్లు, చక్కెర కర్మాగారము, పింగాణీ పాత్రలు, చిత్రములు సమస్తమును లాగికొనిరి. ఆస్తిని అమ్ముటకు ఒక నాజీ న్యాయవాదిని నియమించిరి. 1941లో ఆ న్యాయవాది బంగారు చిత్రమును, మరియొక చిత్రమును ప్రభుత్వ చిత్రశాలకు అప్పగించి, 1936లో ఫెర్డినాండ్ దానమిచ్చిన చిత్రమును మార్పిడిగా పుచ్చుకొనెను. యజమాని పరదేశమున బ్రతికియే యుండగా ఆయన సొత్తుతో ఆయన దానమునే విడిపించిరి! రెండవ రూపచిత్రము 1943లో చిత్రశాల చేతికి పోయినది.

పేరు సంగతి చెప్పెదను. 1943లో వియన్నాలో క్లిమ్ట్ చిత్రములను ప్రదర్శించిరి. బంగారు చిత్రమును దాచిపెట్టుటకు మనసొప్పలేదు, అంతటి సొగసు. యూదుల యింటిపేరు క్రింద వ్రాయుటకును మనసొప్పలేదు. బంగారముతో కూడిన ఒక స్త్రీ అని మాత్రము వ్రాసి వ్రేలాడదీసిరి. ముఖము ఉంచి పేరు తీసివేసిరి. అడేల్ ముఖమును లోకము చూచుచుండగా, ఆమె యింటివారు సరిహద్దులు దాటి పరుగెత్తుచుండిరి.

పరుగెత్తినవారిలో ఆమె అక్క కూతురు మరియా యొకతె. తల్లి చెల్లెలు, తండ్రి తమ్ముని భార్య. రెండు వరుసలను అడేల్ ఆమెకు పినతల్లియే. మరియా వివాహము 1937 డిసెంబరులో ఫ్రిట్స్ ఆల్ట్‌మన్ అనువానితో జరిగినది. పినతల్లి ధరించిన వజ్రాల కంఠాభరణమును పినతండ్రి ఆమెకు పెండ్లికానుకగా నిచ్చెను. కొలది నెలలు గడచులోపల నాజీలు ఆ నగ తీసికొనిపోయిరి. పెండ్లికొడుకును డాఖౌ శిబిరమున బంధించి, ఆయన అన్న తన వస్త్ర కర్మాగారమును వ్రాసియిచ్చువరకు విడువలేదు. ఆ దంపతులు తప్పించుకొని, తుదకు అమెరికా చేరి, లాస్ ఏంజలీసులో స్థిరపడిరి. మరియా బట్టల వ్యాపారము చేసి సంసారము నడిపినది.

యుద్ధము ముగిసిన యేడే, 1945 నవంబరులో, ఫెర్డినాండ్ జ్యూరిక్ నగరమున గతించెను. తన ఆస్తి యావత్తును అన్న పిల్లలు ముగ్గురికి చెందవలెనని వీలునామా వ్రాసియుండెను. చిత్రశాలకు ఏమియు వ్రాయలేదు. ఏల వ్రాయును? 1948లో వారసుల న్యాయవాది తక్కిన వస్తువులను దేశము దాటించుకొనుటకు అనుమతి కావలసివచ్చి, క్లిమ్ట్ చిత్రములను చిత్రశాలకు విడిచిపెట్టెను. ఒక వస్తువునకు అనుమతి యిచ్చి మరియొక వస్తువును విడిపించుకొనుట ఎట్టి సమ్మతియో మీరే యోజింపుడు.

అర్ధశతాబ్దము గడచినది. 1998లో ఆస్ట్రియా ప్రభుత్వము అట్టి సొత్తును తిరిగి యిచ్చుటకు చట్టము చేసినది. హుబెర్టుస్ చెర్నిన్ అను పత్రికారచయిత పాత దస్త్రములు తిరుగవేసి, ఈ చిత్రములు చిత్రశాలకు నిజముగా వచ్చిన దారిని బయటపెట్టెను. అప్పటివరకు అందరును నమ్మినది, అడేల్ వీలునామాతో ఇచ్చివేసినదని. దస్త్రము చదివినవాడు ఒక్కడు చాలును, అయ్యా! అయినను 1999లో ప్రభుత్వపు సంఘము నిరాకరించినది. ఆస్ట్రియాలో దావా వేయవలెనన్న, మన దేశమునందువలెనే ఆస్తి విలువను బట్టి కోర్టు రుసుము కట్టవలెను. అది లక్షల డాలర్లు. ఎనుబదియేండ్ల మరియా అమెరికా కోర్టులో దావా వేసినది. ఆమె న్యాయవాది రాండల్ షోన్‌బెర్గ్, వియన్నా సంగీతకర్త ఆర్నాల్డ్ షోన్‌బెర్గునకు మనుమడు. పరదేశ ప్రభుత్వముపై ఇట్టి దావా చెల్లునా యను ప్రశ్న అమెరికా సుప్రీంకోర్టువరకు పోయి, 2004 జూనులో చెల్లునని తీర్పు వచ్చినది. పిమ్మట ఉభయులును రాజీపడి వియన్నాలో ముగ్గురు మధ్యవర్తులను కూర్చుండబెట్టిరి. 2006 జనవరిలో వారు ఐదు చిత్రములను వారసులకు తిరిగి యీయవలెనని తీర్పు చెప్పిరి. ఆ యేడే రొనాల్డ్ లాడర్ అను ధనికుడు న్యూయార్కులోని తన చిత్రశాలకై బంగారు చిత్రమును కొనెను. వెల పదమూడున్నర కోట్ల డాలర్లని పత్రికలు వ్రాసినవి. మరియా 2011లో, తొంబదియైదవ యేడు నిండవచ్చుచుండగా, కన్నుమూసినది.

తీర్పు చదివి సంతోషించితిని. రాత్రి పరుండిన పిమ్మట ఒక సందేహము పట్టుకొన్నది. మధ్యవర్తులు ఏమనిరి? అడేల్ వ్రాసినది విన్నపమే. పైగా ఆ చిత్రములు ఆమెవే కావు, భర్తవి. దాంపత్యకాలమున సంపాదించిన సొత్తు, సందేహము వచ్చినచో, భర్తదియేయని ఆ దేశపు పాత చట్టము. "నా రూపచిత్రములు" అని ఆమె వ్రాసుకొన్న మాట చెల్లలేదు. ముఖము ఆమెది, పటము ఆమెది కాదు. స్త్రీకి సొత్తు లేదను పాతకాలపు ఊహవలననే ఆమె అక్క కూతురికి న్యాయము జరిగినది. దీనిని ధర్మమందునా, తంత్రమందునా? ఆమె కోరిక తీరలేదని బాధపడుదునా? ఏ వియన్నా ప్రజలు చూడవలెనని ఆమె కోరినదో, ఆ వియన్నా ఆమె వారిని తరిమి, ఆమె పేరు చెరిపినది. నా మట్టుకు చిత్రములు వారసులకు పోవుటయే న్యాయమని తోచినది. పుస్తకములనుగూర్చిన ఆమె కోరిక తలచినప్పుడు మాత్రము మనసు చివుక్కుమనును.

ఇంతసేపు వియన్నాలో తిరిగితిమి. మన యూరి సంగతి యొకటి విన్నవించి కూర్చుందును. నేను లెక్కలు వ్రాయ మొదలుపెట్టిన తొలిదినములలో ఒక వితంతువు నావద్దకు వచ్చి, తన యెకరము పొలము కాగితములు సరిచేయుమన్నది. నేను తొందరలో ఉండి "ఫలానావాని భార్య" అని వ్రాసి పంపితిని. ఆమె పేరు అడుగలేదు. ఆ ఫలానావానికి మొదటి భార్య యొకతె ఉండి గతించినది. ఆమె పిల్లలు కలరు. ఆ "భార్య" యే భార్యయో తేలుటకు తొమ్మిదేండ్లు పట్టినది. ఆ తొమ్మిదేండ్లును ఆమె తన పొలములో తాను కూలికి పోయినది. ఒక్క మాట అడిగియుండిన సరిపోవును. నేను అడుగలేదు.

మీరందరు ఈ గోడవైపు చూడుడు. మన గ్రంథాలయమునకు స్థలమిచ్చిన దాతగారు తమ తల్లిదండ్రుల జ్ఞాపకార్థమని చెప్పి, ఆ ఫొటో పటమును ఇచటనుంచిరి. ఇరువదియైదేండ్లుగా దానిక్రింద కూర్చుండియే నేను చదువుకొంటిని. పటమున ఇద్దరు కూర్చుండియున్నారు. క్రింద తండ్రిగారి పేరు, ఇంటిపేరుతో సహా, చక్కని యక్షరములతో వ్రాసియున్నది. ప్రక్కన "ధర్మపత్నీ సమేతముగా" అని యున్నది. ఆమె పేరు లేదు. దాతగారు గతించిరి, వారి సంతానము దూరదేశములందున్నారు. మన పుస్తకములలో వెదకితిని, లేదు. దానపత్రపు నకలులో చూచితిని. అందును "వారి భార్య" యనియే యున్నది. ఆ నకలు వ్రాసినది నా దస్తూరియే.

కార్యదర్శిగారు పటమునకు క్రొత్త చట్రము కట్టింప నిశ్చయించిరి. అక్షరములు వ్రాయువాడు సోమవారము వచ్చును. ఆమె పుట్టినింటివారు గాని, ఆమెను ఎరిగిన ముసలివారు గాని ఈ సభలో ఎవరైన నున్నచో, వెళ్లునప్పుడు ఆమె పేరు నాతో చెప్పిపోవలెనని చేతులు జోడించి వేడుచున్నాను. నేను ద్వారమువద్దనే కాగితము, కలము పట్టుకొని నిలిచియుందును. పిల్లలకు తెలిసినను సరే.